ఇరవై ఎనిమిదో రోజు క్యూబులు

అది 2003 మార్చి. ములకలపల్లి మండలం అప్పటికింకా ఖమ్మం జిల్లాలోనే ఉండేది. నేను ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీర్ని, సైటు మీద అందరికీ ఏ.ఇ. సారుని. పుట్టి పెరిగింది బోనకల్ వైపు మైదానంలో కాబట్టి అడవి నాకు కొత్త. ఆ ఏడు నాకు అప్పగించిన పనుల్లో ఒకటి, మండల కేంద్రం దాటి లోపలికి పోయాక వాగవతల ఉన్న ఒక కోయ గుంపులో, అంటే చిన్న పల్లెలో, ఆరోగ్య ఉపకేంద్రం కట్టించడం. రెండు గదులు, ముందు ఒక వరండా, అంతే. ఇంత చిన్న పనిని మా వాళ్ళెవరూ పెద్దగా పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు.

ఊరివాళ్ళకు మాత్రం అది చిన్న పని కాదు. జూన్ దాటి వాగు పొంగిందంటే ఆ గుంపుకు దారి తెగిపోతుంది. అంతకుముందు వానాకాలంలో నొప్పులొచ్చిన ఒక మనిషిని మంచం మీద మోసుకొచ్చి, వాగు తగ్గుతుందేమోనని ఒడ్డున ఒక పగలంతా కాచుకుని కూర్చున్నారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఉపకేంద్రం పూర్తయితే వానాకాలమంతా నర్సు అక్కడే ఉంటుందని పై అధికారులు మాటిచ్చారు. స్లాబు వానల్లోపు పడి, గట్టిపడి, తలుపులు బిగిస్తే ఆ ఏడే నర్సు వస్తుంది. లేకపోతే ఇంకో వానాకాలం అలాగే గడపాలి.

మా పనిలో మాటలు చాలా ఉంటాయి. నేల మీద నుంచి గది అడుగుదాకా లేపే గట్టు ప్లింత్. తలుపు మీదా కిటికీ మీదా గోడ బరువు మోసే అడ్డదూలం లింటెల్. స్లాబు పోయడానికి కింద కట్టే చెక్కల, రేకుల పందిరి సెంట్రింగ్. ఇనుప చువ్వల కింద పెట్టే చిన్న సిమెంటు బిళ్ళ కవర్ బ్లాక్. అది పెట్టకపోతే చువ్వ కాంక్రీటు అడుగున బయటపడి, తుప్పుపట్టి, కొన్నేళ్ళకే పెచ్చులూడతాయి. ఈ మాటలన్నీ దొరికిన వాళ్ళకల్లా విప్పి చెప్పడం నాకొక జబ్బు. అన్నం దగ్గర లింటెల్ గురించి మొదలుపెడితే మా ఆవిడ మజ్జిగ గిన్నె నా ముందు పెట్టి లేచిపోయేది. అంత వాగుడుకాయనై ఉండి కూడా, చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన రోజున ఒక్క మాట చెప్పలేదు. ఈ కథంతా దానివల్ల వచ్చిందే.

పని చేసే మేస్త్రీ పేరు దానియేలు. సారపాక వాడు. చిన్నప్పుడు ఇటుకబట్టీలో పనిచేసి, తర్వాత తాపీ పట్టుకుని ఇరవై ఏళ్ళుగా స్లాబులు పోస్తున్నాడు. కాంట్రాక్టరు కొత్తగూడెంలో ఉండేవాడు. సైటు మొత్తం దానియేలు చేతిమీదే నడిచేది. ఆదివారం తాపీ ముట్టడు. స్లాబు పోసే ప్రతిసారీ మిక్సరు దగ్గర కూలీలందరినీ నిలబెట్టి రెండు నిమిషాలు ప్రార్థన చేసేవాడు. ప్రార్థన అయ్యాక బూతులు మొదలయ్యేవి. కాంక్రీటులో ఒక మగ్గు నీళ్ళు ఎక్కువ పోస్తే ఎవరినైనా సరే కడిగేసేవాడు, ఎందుకంటే నీళ్ళు ఎక్కువైతే పోయడం సులువవుతుంది గానీ బలం తగ్గుతుంది.

మార్చి మూడో వారంలో ఒక శనివారం స్లాబు పోశాం. నేను దగ్గరుండి చూశాను. పోస్తున్న కాంక్రీటులోంచే తీసి ఆరు క్యూబులు చేయించాను. క్యూబు అంటే అన్ని వైపులా ఆరంగుళాలుండే కాంక్రీటు దిమ్మ. ఇనుప అచ్చులో పోసి, మర్నాడు విప్పి, నీళ్ళలో నానబెడతారు. ఏడో రోజు మూడు, ఇరవై ఎనిమిదో రోజు మూడు ఖమ్మం ల్యాబుకు తీసుకుపోయి మిషన్ కింద నొక్కి పగలగొడతారు. ఎంత బరువుకు పగిలిందో అదే స్లాబు బలం అని కాగితం వస్తుంది. స్లాబును కోసి చూడలేం కాబట్టి దాని తరఫున సాక్ష్యం చెప్పేది ఈ క్యూబులే. ఒక్కొక్కటి ఎనిమిది కిలోల పైన ఉంటుంది. నున్నటి ముఖాలు, పదునైన అంచులు, చూడటానికి ముద్దుగా ఉంటాయి.

స్లాబుకు నీళ్ళు పెట్టే పని ముత్తమ్మకు ఇచ్చాం. ఆమెది అదే ఊరు, యాభైకి దగ్గర వయసు. భర్త అడవిలో వెదురు నరికే కూపుకు పోయి నెలల తరబడి అక్కడే ఉండేవాడు. ఇల్లు గుంపుకు ఆ చివర ఉండటంతో, నీళ్ళ పనికి వీలుగా ఉంటుందని సైటులో సిమెంటు దాచిన రేకుల షెడ్డులోకే మకాం మార్చింది. సిమెంటు అంతా స్లాబుకే అయిపోయింది, షెడ్డు ఖాళీ. ఆమెతోపాటు మొదటి కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురు లక్ష్మి ఉండేది.

నీళ్ళు పెట్టడాన్ని క్యూరింగ్ అంటాం. కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది తడిలోనే గట్టిపడుతుంది. అందుకే స్లాబు మీద చిన్న చిన్న గట్లు వేసి, మళ్ళు కట్టి, నీళ్ళు నిలవగడతాం. ఇదంతా ముత్తమ్మకు చెబితే ఒక్క మాటలో తేల్చేసింది. “నారుమడి లెక్క. మడి ఎండొద్దు, అంతే కద సారు.” అంతే అన్నాను. ఆమె వాగులో చెలమ తోడి, నిచ్చెన మీదుగా బిందెలు మోసి, ఆ నెల రోజులూ ఒక్క మడి ఎండనివ్వలేదు. ఆ పని అప్పగించిన రోజే నేను షెడ్డు పక్కన క్యూబులు నానబెట్టిన డ్రమ్ము చూపించి, “దీంట్లో రాళ్ళున్నయి, నీళ్ళు తగ్గితే పోస్తుండు” అన్నాను. సరే అంది. ఆ రాళ్ళు ఏంటో, ఎందుకో ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు. స్లాబు అయితే వాళ్ళది, క్యూబులు ఆఫీసువి అని నా బుర్రలో ఎక్కడో ఉండి ఉంటుంది.

ఏడో రోజు మూడు క్యూబులు తీసుకుపోయి పగలగొట్టించాను. బాగా వచ్చాయి. ఆ వయసుకు రావలసినదానికన్నా కాస్త ఎక్కువే, చదరపు మిల్లీమీటరుకు పదిహేను న్యూటన్లు. ఇరవై ఎనిమిదో రోజుకు ఇరవై దాటితే చాలు.

పదహారో రోజు సెంట్రింగ్ విప్పుతున్నారని మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు నా కళ్ళన్నీ స్లాబు అడుగు మీదే. కాంక్రీటును సరిగ్గా కుదించకపోతే అడుగున కంకర బయటపడి బొక్కలు బొక్కలుగా కనిపిస్తుంది, దాన్ని హనీకోంబ్ అంటాం, అంటే తేనెపట్టు. దానియేలు పోసిన స్లాబులో వేలు దూరే సందు కూడా లేదు. అతను తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. షెడ్డు వెనక పొగ వస్తోంది. పసిబిడ్డ ఏడుపు వినబడింది. వారం కిందట లక్ష్మి అక్కడే కన్నదనీ, ఆడపిల్ల అనీ దానియేలు చెప్పాడు. ఉపకేంద్రం పూర్తికాకముందే కాన్పు అయిపోయిందే అని నేను జోకేశాను. డ్రమ్ము వైపు చూస్తే పైన గోనెసంచి కప్పి ఉంది, అంచుదాకా నీళ్ళు మెరుస్తున్నాయి. సైటు రిజిస్టరులో ‘క్యూబులు క్యూరింగులో ఉన్నవి, చూడడమైనది’ అని రాసి సంతకం పెట్టాను. గోనెసంచి ఎత్తి చూడలేదు.

ఇరవై ఎనిమిదో రోజు డ్రమ్ములోంచి మూడు క్యూబులు తీసి, తడిగోనెలో చుట్టి, బస్సులో ఖమ్మం తీసుకుపోయాను. మిషన్ కింద మొదటిది పెట్టారు. ముల్లు ఎక్కడం మొదలైందో లేదో చప్పుడు చేసి విచ్చిపోయింది. ల్యాబ్ అసిస్టెంటు నావైపు చూశాడు. రెండోది, మూడోది కూడా అంతే. సగటు పదకొండు. ఏడో రోజు పదిహేను మోసిన కాంక్రీటు ఇరవై ఎనిమిదో రోజు పదకొండే మోసింది.

మా పై అధికారి డి.ఇ. గారు కాగితం రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాత అన్నాడు, “కాంక్రీటుకు వయసొస్తే బలం రావాలయ్యా. మీదానికి ముసలితనం వచ్చిందా?”

“నాకూ అర్థం కావడం లేదు సార్.”

“నాకు అర్థమైంది. మొదటి మూడు క్యూబులు వేరే పోసిన్రు. సిమెంటు దండిగా వేసి, నాకు చూపించడానికి. ఈ మూడు అసలువి. స్లాబు కూడా ఇదే.”

మొత్తం ఆరూ ఒకే విడత కలిపిన కాంక్రీటుతో పోశామని చెప్పాను. ఆయన వినలేదు. వినకపోవడంలో తప్పులేదు, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. వారంలో సంజాయిషీ ఇవ్వాలనీ, సరైన కారణం చూపించకపోతే స్లాబు పగలగొట్టి మళ్ళీ పోయాలనీ కాగితం చేతిలో పెట్టాడు. అప్పటికి ఏప్రిల్ చివర. పగలగొట్టి, శిథిలం ఎత్తి, మళ్ళీ సెంట్రింగ్ కట్టి, పోసి, నానబెట్టేసరికి వాగు వచ్చేస్తుంది. నర్సు రాదు. దానియేలుకు ఆ జిల్లాలో మళ్ళీ ఎవరూ సర్కారు పని ఇవ్వరు.

ల్యాబు బయట పగిలిన క్యూబుల ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. నావి ఏరుకుని చూశాను. కాంక్రీటు లోపల బూడిద రంగులో ఉండాలి. ఆ మూడింట్లోనూ ఒక వైపు రెండు వేళ్ళ మందాన గులాబీ రంగు, ఇటుక ముక్కలా. నాకు వెంటనే తట్టింది ఒక్కటే: ఇసుకలో ఎర్రమట్టి కలిసింది. మట్టి ఉంటే సిమెంటు పట్టుకోదు, బలం రాదు. మర్నాడు పొద్దున్నే ఆ ముక్క సంచిలో వేసుకుని సైటుకు పోయి దానియేలును నిలబెట్టి అడిగాను. అడగడం కాదు, అరిచాను.

అతను నెమ్మదిగా ఒక గాజుగ్లాసు తెచ్చాడు. గుట్టలో మిగిలిన ఇసుక సగం గ్లాసు పోసి, నీళ్ళు నింపి, కలిపి, గట్టు మీద పెట్టాడు. మట్టి ఉంటే ఇసుక మీద పొరగా తేరుతుంది. పావుగంట ఇద్దరం ఆ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాం. గోరుమందం పొర కూడా తేరలేదు.

“నన్ను దొంగ అన్నా పడత సార్,” అన్నాడు. “నా ఇసుక మురికిది అంటే మాత్రం పడ. స్లాబు పగలగొట్టాలంటే కూలోళ్ళను పెట్టకున్రి, నేనే సమ్మెట పట్టుకుంట.”

నేను సంచిలోంచి ముక్క తీసి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని తిప్పి చూశాడు, గోటితో గీకాడు, వాసన చూశాడు. అతని మొహం మారిపోయింది.

“ఇది మట్టి ఎరుపు కాదు సార్. కాలిన ఎరుపు. నేను బట్టీ కాడ ఎన్నేండ్లు చూసిన.”

“నీళ్ళలో ఉన్న క్యూబు ఎట్లా కాలుతుందయ్యా?”

దానియేలు షెడ్డు వెనక్కి నడిచాడు. వెనకే వెళ్ళాను. అక్కడ అలికిన నేల మీద బూడిద ఊడ్చిన గుర్తు, చుట్టూ నల్లటి మసి. మసి మధ్యలో, మసి అంటని మూడు చోట్లు. మూడూ చతురస్రాలు. జేబులోంచి టేపు తీసి కొలిచాను. ఆరంగుళాలకు ఆరంగుళాలు.

అప్పుడే ముత్తమ్మ వాగునుంచి బిందెతో వచ్చింది. మేమిద్దరం పొయ్యి జాడ ముందు గొంతుక్కూర్చుని ఉండటం చూసి ఏమీ తడబడలేదు. బిందె దించి, “ఏంది సారు, ఏమన్న పోయిందా?” అంది.

“ఇక్కడ పొయ్యి పెట్టినవా?”

“అవ్ సారు. పిల్లకు కాన్పయింది కద. బాలింతకు నీళ్ళు కాగబెట్టే పొయ్యి.”

“ఏ రాళ్ళతో?”

“మీ రాళ్ళతోనే,” అంది. ఆమె గొంతులో దాపరికం లేదు. “మా ఇంట్ల బాలింతకు నీళ్ళు కాగే పొయ్యి వేరే ఉండాలె. కూరలు వండిన పొయ్యి మీద కాగబెట్టం. నిప్పు ఎరగని రాళ్ళు కావాలె, మూడూ సరిసమానం ఉండాలె. ఈడ ఉన్న రాళ్ళన్నీ మీ పునాదిలకే పాయె. కంకరతోని పొయ్యి అయితదా?”

“వాగులో బోలెడు రాళ్ళున్నయి కదా ముత్తమ్మా.”

ఆమె నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఏమీ తెలియనివాణ్ణి చూసే చూపు. “వాగు రాళ్ళు నీళ్ళు తాగి ఉంటయి సారు. నిప్పుకు పేలతయి. పచ్చిబాలింత, పసిగుడ్డు పక్కన పేలే రాయి పెడతమా? మీ రాళ్ళు కూడ నీళ్ళల్లయే అని ముందుగాల రెండు దినాలు ఎండల పెట్టిన. ఒక్కటి పేలలే. మంచి రాళ్ళు.”

దానియేలు మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, ఏడుపు ఆపుకుంటున్నాడో నాకు తెలియలేదు.

మిగతాది ఆమే చెప్పింది. పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు కాగాయి. స్నానాలు ముగిశాక రాళ్ళు చల్లారబెట్టి, బూడిదా పీచూ పెట్టి మసి పోయేదాకా తోమి, మళ్ళీ డ్రమ్ములో వేసింది. సారు అప్పగించిన వస్తువు శుభ్రంగా తిరిగి పెట్టాలి కదా. అన్నిటికన్నా నన్ను కొట్టిన సంగతి వేరే ఉంది. రాళ్ళు పొయ్యిగా ఉన్న ఆ పదిహేను రోజులూ ఖాళీ డ్రమ్ములో నీళ్ళు తగ్గకుండా రోజూ పోస్తూనే ఉంది. నేను చెప్పింది అదే కాబట్టి.

“ఆ మూడూ తెచ్చిన్రా సారు?” అని అడిగింది చివరికి. “మీ పని అయినంక అడిగి తీసుకుందామనుకున్న.”

నేను సంచి వైపు చూశాను. ఆమె కూడా చూసింది. పగిలిన ముక్కను చేతిలోకి తీసుకుని, ఎరుపు వైపు బొటనవేలితో రాసింది.

“పగలగొట్టిన్రా?”

“పగలగొట్టాలె ముత్తమ్మా. అవి పగలగొట్టేదానికే పోసిన రాళ్ళు. ఎంత బరువుకు పగిలితే స్లాబుకు అంత బలం ఉన్నట్టు.”

“గా ముచ్చట నాకు చెప్పలేదు కద,” అంది. కోపంగా కాదు. “చెప్తే ముట్టకపోదును. బాలింత పొయ్యి రాళ్ళు మేము పగలనియ్యం. ఎవరి కాలు తొక్కని కాడ పెడతం.” ముక్కను కొంగులో కట్టుకుని బిందె ఎత్తుకుని నిచ్చెన ఎక్కింది. క్యూరింగ్ రోజులు అయిపోయాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు సిగ్గేసింది. ఎవరైనా నన్ను నాలుగు తిడితే బాగుండుననిపించింది.

సంజాయిషీ రాయడానికి కూర్చున్నప్పుడు అసలు చిక్కు తెలిసింది. నిజం రాస్తే స్లాబు బతుకుతుంది, దానియేలు పేరు నిలుస్తుంది. కానీ ఆ నిజంలో పదహారో రోజు రిజిస్టరు కూడా ఉంది. క్యూబులు నిప్పు మీద ఉన్న రోజున నేను వాటిని నీళ్ళలో చూశానని రాసి సంతకం పెట్టాను. సైటులో ఎవరో ఆడమనిషి తెలియక చేసిందని రాసి, తేదీలు మాత్రం కప్పేయవచ్చు. దానియేలే ఆ మాట అన్నాడు: “మీ సంగతి రాయకున్రి సార్, ముత్తమ్మక్కకు ఎట్లాగూ నౌకరి లేదు కద పోనీకి.” అతను మంచికే అన్నాడు. ఒక పూటంతా ఆ దారే బాగుందనిపించింది కూడా. కాని రోజూ ఖాళీ డ్రమ్ములో నీళ్ళు పోసిన మనిషి మీదికి తప్పు తోసి, ఆ డ్రమ్ములోకి తొంగిచూడని నేను పక్కకు తప్పుకోవడం నాకు చేతకాలేదు. జరిగింది జరిగినట్టు రాశాను.

డి.ఇ. గారు చదివి కళ్ళద్దాలు తీశాడు. “పొయ్యి రాళ్ళా?” అన్నాడు. మళ్ళీ చదివాడు. “రిజిస్టరులో చూశానని నీ సంతకం ఉంది కదయ్యా.”

“చూడలేదు సార్.”

“ఈ కథ పైకి పంపితే ఇద్దరినీ పిచ్చాసుపత్రికి పంపుతరు. లోడ్ టెస్ట్ పెట్టు. స్లాబే చెప్పాలె ఇగ.”

లోడ్ టెస్ట్ అంటే స్లాబు జీవితంలో మోయాల్సిన బరువు కన్నా ఎక్కువ దాని మీద పెట్టి, ఒక రోజంతా ఉంచి, ఎంత వంగిందో చూడటం. బరువు తీశాక మళ్ళీ పైకి లేవాలి. వంగడం తప్పు కాదు, ప్రతి స్లాబూ వంగుతుంది, లేవకపోతేనే తప్పు. వంగింది కొలవడానికి స్లాబు అడుగున ముల్లున్న గడియారం లాంటి డయల్ గేజ్ పెడతారు. వెంట్రుక మందం కదిలినా ముల్లు చూపిస్తుంది.

ఖాళీ సిమెంటు సంచులు ఎలాగూ ఉన్నాయి. ఊరంతా వాగు దగ్గరికి కదిలింది. ఇసుక నింపి, తూచి, నిచ్చెన మీదుగా స్లాబెక్కించడానికి ఒక పూట పట్టింది. ముత్తమ్మ తన వంతు మోసింది. లక్ష్మి బిడ్డను ఒళ్ళో వేసుకుని దూరంగా షెడ్డు నీడలో కూర్చుంది. మేస్త్రీ స్లాబు కింద నిలబడి సవాలు చేశాడని రాస్తే బాగుంటుంది గానీ అలాంటిదేమీ జరగలేదు. కిందికి ఎవరినీ పోనివ్వలేదు. దానియేలు ఆ రోజంతా కాంక్రీటు మోసే ఒక ఇనుప గమేళా అంచుకు అంటిన ఎండిన సిమెంటు చెక్కుతూ కూర్చున్నాడు. ఆ గమేళా అంత శుభ్రంగా అంతకుముందు ఎప్పుడూ లేదు.

మర్నాడు అదే వేళకు డి.ఇ. గారు టార్చి వేసి గేజ్ చదివాడు. ముల్లు కదిలింది, ఒప్పుకునే హద్దులో సగం కూడా కాదు. సంచులు దించాక మళ్ళీ చదివాడు. దాదాపు మొదట ఉన్నచోటికే వచ్చింది. ఆయన కాగితం మీద అంకెలు రాసుకుని, టార్చి ఆర్పి, దానియేలు దగ్గరికి పోయి, “స్లాబు బాగుంది మేస్త్రీ” అన్నాడు. దానియేలు “అవ్ సార్” అన్నాడు.

నాకొక మెమో వచ్చింది, చూడకుండా సంతకం చేసినందుకు. అది నా ఫైలులో చివరిదాకా ఉంది. ఉపకేంద్రానికి జూన్ రెండో వారంలో తలుపులు బిగించాం. నర్సు వచ్చింది. జూలైలో వాగు దారి మూసేసింది. ఆ వానాకాలం అక్కడ కాన్పులు జరిగాయని, అందరూ బాగున్నారని తర్వాత విన్నాను.

ఆ తర్వాత ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళలో క్యూబు ల్యాబులో ఫెయిలైందని ఎవరైనా వస్తే, నేను మొదట అడిగేది సిమెంటు గురించి కాదు. పోసిన రోజుకూ పగలగొట్టిన రోజుకూ మధ్య ఆ క్యూబు ఎవరి దగ్గర ఉంది, ఆ మనిషికి అదేమిటో ఎవరైనా చెప్పారా అని అడిగేవాణ్ణి. ప్లింత్ అంటే ఏమిటో, లింటెల్ అంటే ఏమిటో తెలియకపోయినా ఇల్లు నిలబడుతుంది. ఏ వస్తువు ఎందుకుందో దాన్ని కాపాడే మనిషికి తెలియకపోతే మాత్రం నిలబడదు. డ్రమ్ము మీద గోనెసంచి ఎత్తకుండా ఇక ఎప్పుడూ సంతకం చేయలేదు. ఇంకొక అలవాటు కూడా అయింది. రూలు ప్రకారం ఆరు క్యూబులు పోయాల్సిన చోట తొమ్మిది పోయించేవాణ్ణి. ఆ మూడు ఎందుకని ఆడిట్ వాళ్ళు అడిగితే, ముందుజాగ్రత్తకు అనేవాణ్ణి.

మొదటిసారి అలా పోయించింది ఆ ఏడే, వానలు తగ్గాక, అటువైపే ఒక బడి గదికి. ఆ మూడింటినీ నానబెట్టి, ఇరవై ఎనిమిది రోజులయ్యాక బండి వెనక కట్టుకుని వాగు దాటి ముత్తమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో చేటతో ఏదో చెరుగుతోంది. క్యూబులు దించి, ఇవి పగలగొట్టేవి కావు, నీకే అన్నాను. చేట పక్కన పెట్టి ఒక క్యూబును రెండు చేతులా ఎత్తింది, ముఖాలన్నీ తడిమింది, అంచు మీద గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

“ఇరవై ఎనిమిది దినాలు నానినయా సారు?”

“నానినయి.”

“నడుమల ఎవలన్న బయటికి తీసిన్రా?”

“లేదు ముత్తమ్మా. నేనే పోయి చూసిన, సంచి ఎత్తి.”

ఆమె తలూపి, మూడింటినీ ఒకటొకటిగా లోపలికి మోసుకుపోయింది.